టైరు గాలి హెచ్చరిక లైటు ఆరకపోతే: గాలి, రీసెట్, స్కానర్, కొత్త సెన్సరు... ఏది మేలు?

డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో కనిపించే పసుపు గుర్తు వెలిగి ఎంతకీ ఆరకపోతే, వాహనదారు ముందు సాధారణంగా నాలుగు మార్గాలు ఉంటాయి. టైర్లకు గాలి కొట్టించవచ్చు, రీసెట్ బటన్ నొక్కవచ్చు, చక్రాల్లో గాలి పీడనాన్ని కొలిచే సెన్సర్లను స్కానర్‌తో పరీక్ష చేయించవచ్చు, లేదా నేరుగా కొత్త సెన్సరు వేయించవచ్చు. ఒకదానికి బదులు మరొకటి చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, ఈ నాలుగూ నాలుగు వేర్వేరు లోపాలకు మందులు. అందువల్ల వాటిలో ఏది మేలో తేల్చుకోవడానికి ముందు, ఆ లైటు ఏ తీరున వెలుగుతోందో గమనించడం అవసరం.

ఇగ్నిషన్ వేయగానే మిగిలిన లైట్లతో పాటు ఇదీ కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా నిలకడగా వెలుగుతూ ఉంటే ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని అర్థం. అలా కాకుండా ఒక నిమిషం నుంచి నిమిషంన్నర దాకా మిణుకుమిణుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలిగితే, గాలి మాట అటుంచి, గాలిని కొలిచే వ్యవస్థే పనిచేయడం లేదని అర్థం. ఈ తేడా తయారీదారుల ఇష్టానుసారం వచ్చినది కాదు. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త తేలికపాటి వాహనాలన్నిటికీ ఈ వ్యవస్థ తప్పనిసరి అయింది. అక్కడి ప్రమాణం గాలి తగ్గుదలకూ, వ్యవస్థ లోపానికీ ఒకే లైటు వాడే వాహనాల్లో లోపాన్ని ఇలా 60 నుంచి 90 సెకన్ల మిణుకుతో చూపాలని నిర్దేశించింది. ఐరోపా సమాఖ్యలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. నిలకడగా వెలిగే లైటుకు గాలి కొలిచే గేజ్ కావాలి, మిణికే లైటుకు స్కానర్ కావాలి. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే అనవసరమైన ఖర్చులో చాలా భాగం తప్పుతుంది.

నిలకడగా వెలిగే లైటుకు మొదటి మార్గం గాలి కొట్టించడమే. అయితే ఎంత కొట్టించాలి, ఎప్పుడు కొలవాలి అన్న రెండు విషయాల్లోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. సరైన అంకె డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన పట్టీలో ఉంటుంది. టైరు పక్కగోడ మీద అచ్చు వేసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనాన్ని చెబుతుందే తప్ప, ఆ కారుకు కావలసిన పీడనాన్ని చెప్పదు. కొలత తీయడం టైర్లు చల్లగా ఉన్నప్పుడే, అంటే వాహనం కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న తర్వాతే జరగాలి. నడిచి వచ్చిన టైరులో వేడికి పీడనం పెరిగి ఉంటుంది కాబట్టి అప్పుడు సరిగా ఉందనిపించిన గాలి తెల్లవారేసరికి తక్కువగా తేలుతుంది. ఉష్ణోగ్రత 5 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ పడిపోతే పీడనం దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. పొద్దున చలిలో వెలిగి, మధ్యాహ్నానికి ఆరిపోయే లైటును చూసి సెన్సరు పిచ్చిగా ప్రవర్తిస్తోందని అనుకోవడం సహజమే గానీ, అక్కడ సెన్సరు తప్పేమీ లేదు. గాలి హెచ్చరిక హద్దుకు దగ్గరలో ఊగిసలాడుతోంది.

ఆ హద్దు ఎంత కిందుగా ఉంటుందో కూడా తెలుసుకోవాలి. అమెరికా ప్రమాణం ప్రకారం పట్టీలో చెప్పిన దానికన్నా 25 శాతం తగ్గేసరికి లైటు వెలగాలి. పట్టీలో 32 పీఎస్‌ఐ ఉన్న కారులో అది 24 పీఎస్‌ఐ. చాలా వాహనాల్లో లైటు ఆరాలంటే మాత్రం గాలి ఈ హద్దును దాటితే చాలదు, పట్టీలోని అంకెకు చేరువ కావాలి. కాబట్టి కాస్త గాలి పట్టించి చూద్దాం అనే పద్ధతి పనికిరాదు. ఆగి ఉన్న వాహనంలో చాలా సెన్సర్లు బ్యాటరీ ఆదా కోసం నిద్రావస్థలో ఉంటాయి, అందువల్ల గాలి నింపిన తర్వాత కొన్ని కిలోమీటర్లు నడిపితే తప్ప లైటు ఆరకపోవచ్చు. కొన్ని వాహనాల్లో స్టెప్నీకి కూడా సెన్సరు ఉంటుంది. నాలుగు టైర్లూ సరిగా ఉండి లైటు ఆరనప్పుడు దాన్ని చూడకపోతే వెతుకులాట ఎటూ తేలదు. నింపిన గాలి రెండు మూడు రోజుల్లో మళ్లీ తగ్గుతుంటే, మళ్లీ మళ్లీ నింపడం కన్నా సబ్బునీళ్లతో వాల్వును, రిమ్ము అంచును, టైరు ముఖాన్ని తడిపి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడడం మేలు.

ఇక రీసెట్. అందరికీ సులువుగా తోచేదీ, తప్పుగా వాడితే అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేదీ ఇదే. దీన్ని అర్థం చేసుకోవాలంటే వ్యవస్థలు రెండు రకాలని తెలియాలి. ప్రత్యక్ష వ్యవస్థలో ప్రతి చక్రం లోపలా ఒక సెన్సరు ఉండి, అసలు పీడనాన్ని కొలిచి రేడియో ద్వారా పంపుతుంది. పరోక్ష వ్యవస్థలో చక్రంలో పీడనాన్ని కొలిచేది ఏదీ ఉండదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌లోని, చక్రాల వేగాన్ని కొలిచే సెన్సర్లే దానికి ఆధారం. గాలి తగ్గిన టైరు వ్యాసార్ధం కొద్దిగా కుంగడం వల్ల అది తక్కిన వాటికన్నా కాస్త వేగంగా తిరుగుతుంది, ఆ తేడాను పట్టుకుని కంప్యూటరు హెచ్చరిస్తుంది. ఈ రకంలో రీసెట్ నొక్కడమంటే, ఇప్పుడు టైర్లు ఉన్న తీరే సరైనదని కంప్యూటరుకు చెప్పడం. గాలి కొలవకుండా రీసెట్ నొక్కితే, అరిగిపోయిన తూనికరాయినే కిలో అని ఒప్పుకున్నట్టు అవుతుంది. లైటు ఆరిపోతుంది, టైరు మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఇకముందు హెచ్చరిక ఆ తక్కువ పీడనం నుంచి మరింత తగ్గాకే వస్తుంది. గాలి సరిచేసిన తర్వాత, టైర్లు మార్చిన తర్వాత, ముందువి వెనక్కి వేసిన తర్వాత మాత్రం పరోక్ష వ్యవస్థలో రీసెట్ తప్పనిసరి. అది మరచిపోతే, గాలి నిండుగా ఉన్నా లైటు వెలగవచ్చు. అంటే ఇక్కడ గాలికీ రీసెట్‌కూ పోటీ లేదు, వరుస ఉంది: ముందు గేజ్, తర్వాత బటన్.

ప్రత్యక్ష వ్యవస్థలో రీసెట్ అర్థం వేరు. చాలా కార్లలో అసలు బటనే ఉండదు, గాలి సరైతే లైటు తానే ఆరుతుంది. చక్రాల స్థానాలు మారినప్పుడు ఏ సెన్సరు ఏ మూలన ఉందో కారుకు మళ్లీ పరిచయం చేయవలసి రావచ్చు. కొన్ని కార్లు కాసేపు నడిపితే తామే నేర్చుకుంటాయి, కొన్నిటికి ఒక క్రమంలో ప్రతి చక్రం దగ్గరా చిన్న పరికరంతో సంకేతం ఇవ్వాలి. దాని వివరం ఆ వాహనపు పుస్తకంలో చూసుకోవడమే ఉత్తమం. బ్యాటరీ తీగ ఊడదీసి పెట్టడం లాంటి చిట్కాల మీద నాకు నమ్మకం లేదు: చచ్చిపోయిన సెన్సరు అలా బతకదు, గడియారమూ రేడియోలోని ఎంపికలూ పోవడం మాత్రం జరగవచ్చు.

లైటు మిణికి నిలిచిపోతుంటే గాలీ రీసెట్టూ రెండూ దండగ. అప్పుడు పోటీ స్కానర్‌కూ ఊహకూ మధ్య. టైరు సెన్సర్ల కోసం చేసిన పరికరం 125 కిలోహెర్ట్జ్ సంకేతంతో ఒక్కో సెన్సరును నిద్ర లేపి, దాని గుర్తింపు సంఖ్యను, పీడనాన్ని, ఉష్ణోగ్రతను, చాలావాటిలో బ్యాటరీ స్థితిని కూడా చదువుతుంది. టైరు విప్పకుండా, కొన్ని నిమిషాల్లో, ఏ చక్రం పలకడం లేదో తేలిపోతుంది. కారుకు గుచ్చి ఇంజిన్ లోపాల కోడ్లు మాత్రమే చదివే చవక రకం ఓబీడీ రీడరు ఈ పనికి సాధారణంగా చాలదు. స్కానర్‌తో చూడకుండా ఫలానా చక్రం సెన్సరే పోయి ఉంటుందని ఊహించి టైరు విప్పించడం కన్నా పరీక్ష రుసుము చెల్లించడమే చవక. అంతకుముందు కారులో గుచ్చిన ఛార్జర్లను, ఇన్వర్టరును తీసి చూడడం కూడా మంచిదే, వాటి రేడియో అలజడి ఒక్కోసారి సంకేతాన్ని అడ్డుకుంటుంది.

సెన్సరు పోయిందని తేలితే మళ్లీ రెండు ఎంపికలు: తయారీదారు అసలు సెన్సరా, ప్రోగ్రామ్ చేసుకునే యూనివర్సల్ రకమా? అసలుది పొందిక విషయంలో సందేహం మిగల్చదు, కానీ ఖరీదు ఎక్కువ, కారుకు మళ్లీ పరిచయం చేయాలి. యూనివర్సల్ రకంలో పాత సెన్సరు గుర్తింపు సంఖ్యనే కొత్తదానిలోకి నకలు చేసే వీలుంటుంది. అలా చేస్తే మార్పు జరిగిందని కారుకు తెలియనే తెలియదు. పాత సెన్సరు సంఖ్య చదవడానికి దొరికినప్పుడు, మంచి పేరున్న యూనివర్సల్ రకమే నా దృష్టిలో మేలు. ఏది కొన్నా అది పంపే రేడియో సంకేతపు పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) సరిచూసుకోవాలి. 315 మెగాహెర్ట్జ్ కారుకు 433 మెగాహెర్ట్జ్ సెన్సరు వేస్తే, ఎంత కొత్తదైనా కారుకు దాని మాట వినపడదు.

ఒకటి మార్చాలా, నాలుగూ మార్చాలా అన్నది వయసును బట్టి ఉంటుంది. సెన్సరులోని బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు పనిచేస్తుంది, దాన్ని మూసి అతికించి ఉంచుతారు కాబట్టి విడిగా మార్చడానికి వీలుండదు. మూడేళ్ల కారులో దెబ్బ తగిలి ఒకటి పగిలితే ఆ ఒక్కటే చాలు. ఎనిమిదేళ్ల కారులో ఒకటి వయసుడిగి ఆగిపోతే మిగిలిన మూడూ అదే వయసువి. టైర్లు మార్చే సమయం దగ్గరపడితే అప్పటిదాకా ఆగి నాలుగూ ఒకేసారి వేయిస్తే టైరు విప్పే కూలి మిగులుతుంది. లోహపు వాల్వు ఉన్న సెన్సరుకు టైరు మార్చిన ప్రతిసారీ రబ్బరు వాషరు, నట్టు, వాల్వు పిన్ను కొత్తవి వేయించాలి. అల్యూమినియం వాల్వులో మామూలు ఇత్తడి పిన్ను వేస్తే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, నికెల్ పూత ఉన్నదే అడిగి వేయించుకోవాలి.

టైర్లు మార్చేదాకా అలా ఆగే కాలంలో ఒక ఇబ్బంది ఉంది. లోపం వల్ల ఎప్పుడూ వెలిగే లైటుకు, నిజంగా పంక్చరు అయినప్పుడు కొత్తగా చెప్పగలిగింది ఏమీ ఉండదు. అందువల్ల వారానికొకసారి గేజ్‌తో కొలవడం గానీ, వాల్వు మూత స్థానంలో బిగించే బయటి సెన్సర్ల కిట్టు కొనడం గానీ చేయాలి. ఆ కిట్టు తన సొంత తెర మీద పీడనం చూపుతుంది గానీ డ్యాష్‌బోర్డు మీది లైటును ఆర్పదు. టైరు మార్పు ఆరు నెలల లోపే ఉంటే గేజ్ చాలు, అంతకన్నా దూరమైతే, రోజూ దూరప్రయాణాలు చేసేవారికి కిట్టు మేలు.