పాస్‌పోర్ట్ ఉంటేనే వైన్: విండర్‌మియర్ నుంచి ఎడిన్‌బరా దాకా

బ్రిటన్‌లో మందు కొనడానికి చట్టం పెట్టిన వయసు 18 ఏళ్లు. దుకాణాల్లో నడిచేది మాత్రం ‘చాలెంజ్ 25’. పాతికేళ్ల లోపు వాళ్లలా కనిపిస్తే ఐడీ చూపించాల్సిందే. మా ప్రయాణంలో రైళ్లు, గదులు ఏవీ పెట్టనంత విసుగు ఇదొక్కటే పెట్టింది.

ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల ప్రాంతంలో ఉన్న విండర్‌మియర్‌లో మేం దిగిన కాటేజీకి వంక పెట్టలేం. వంటగది శుభ్రంగా ఉంది, చలికి ఇబ్బంది లేదు, ఓనరమ్మ ఫ్రిజ్‌లో పాలు కూడా పెట్టి ఉంచింది. సాయంత్రం కాస్త వైన్ తాగుదామని నేను, మా ఆవిడ, మరదలు దగ్గర్లోని సూపర్‌మార్కెట్‌కి వెళ్లాం. డబ్బు కట్టేది నేను, నా జుట్టు సగం నెరిసింది. కౌంటర్‌లోని అమ్మాయి నన్నేమీ అడగలేదు. పక్కన సరుకులు సంచిలో సర్దుతున్న మా మరదల్ని ఐడీ అడిగింది. తనకి 28 ఏళ్లు. పాస్‌పోర్ట్ కాటేజీలో ఉంది. మన డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి చెల్లదంది. ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫొటో చూపించినా ఒప్పుకోలేదు. “పోనీ, నేను బయట ఉంటాలే బావా” అని మరదలు కదలబోతే, ఇక మీలో ఎవరికీ అమ్మనంటూ బాటిల్ తీసి కౌంటర్ కింద పెట్టేసింది.

ఆ అమ్మాయి భయం అర్థం కానిది కాదు. 18 నిండని వాళ్లకి అమ్మితే కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికే జరిమానా పడొచ్చు. పిల్లల కోసం పెద్దవాళ్లు కొనడమూ నేరమే. కానీ ఇంగ్లండ్‌లో 25 అన్న గీత చట్టం గీసింది కాదు, దుకాణాలు తమంతట తాము గీసుకున్నది. డబ్బు కట్టని మనిషి దాకా దాన్ని లాగడం నాకు అన్యాయంగానే అనిపించింది.

స్కాట్లాండ్‌లో 2011 అక్టోబర్ నుంచి ఆ 25 చట్టంలోనే ఉంది. అక్కడ ఇంకెంత టెన్షనో అనుకున్నాం. ఎడిన్‌బరాలో గది ఇరుకు, మెట్లు ఎక్కువ, అద్దె కూడా ఎక్కువే. షాపులో మాత్రం పని చిటికెలో అయిపోయింది. ఈసారి మరదలే కొంది, పాస్‌పోర్ట్ చూపించింది, వెనక నిలబడ్డ మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ దుకాణాల్లో ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకానే అమ్ముతారు కాబట్టి రాత్రి రైలుకి దిగేవాళ్లు ఆశ వదులుకోవాలి. మామూలు వైన్ బాటిల్ కూడా ఆరు పౌండ్ల లోపు రాదు, కనీస ధర చట్టం అలా ఉంది.

వెళ్లేవాళ్లు అసలు పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకోండి, లేదా వయసు కనిపించే ఒక్కరే కౌంటర్ దగ్గరికి వెళ్లండి. లేక్ డిస్ట్రిక్ట్‌లో వానలో కొండలెక్కేటప్పుడు పాస్‌పోర్ట్ వెంట మోయడం నాకైతే ఇష్టం లేదు. అది పోతే లండన్‌లోనో ఎడిన్‌బరాలోనో మన దౌత్య కార్యాలయం చుట్టూ తిరగాలి. ఫొటో, పుట్టిన తేదీ ఉన్న విదేశీ లైసెన్స్‌ని ఆ దుకాణాలు ఒప్పుకుంటే ఈ బాధ ఉండదు.