బొజాగి: ముడికి తిరుగులేదు, గుడ్డ మాత్రం చూసి కొనండి

కొరియన్ సీరియళ్లు చూసేవాళ్లకి బొజాగి, అంటే కానుకలు చుట్టి మూట కట్టే కొరియన్ గుడ్డ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కొరియాలో సియోల్ దగ్గరున్న సువాన్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి పండగ కానుకలన్నీ దాంట్లోనే కడుతున్నాను. నాకు అంత నచ్చింది ఒక్కటే, దాని ముడి.

ఎదురెదురు కొసలు పెట్టె మీదికి తెచ్చి రెండుసార్లు ముడెయ్యడమే. టేపు, రిబ్బను, కత్తెర ఏవీ వద్దు. సరిగ్గా పడిన ముడికి రెండు చెవులూ, అంటే బయట మిగిలిన కొసలు, అడ్డంగా పడుకుంటాయి. నిలువుగా లేచాయంటే మెలిక తప్పినట్టే. విప్పడం అయితే ఇంకా ముచ్చట. ఒక చెవి పట్టుకుని అటునుంచి ఇటు లాగితే ఆ కొస తిన్నగా సాగుతుంది, రెండోది దాని మీంచి జారి వచ్చేస్తుంది. ఎంత బిగిసినా గోళ్లతో పీకే పని లేదు. మా పక్కింటి హాల్మొనీ (బామ్మగారు) నేర్పిన కిటుకు ఇది. రెండు పొరల గుడ్డ అయితే ముడి దగ్గర లోపలి రంగు కూడా బయటపడి ఎంత బాగుంటుందో!

ఇంత మంచి ముడిని ఇక్కడ పెళ్లి కానుకల పెట్టెకి మాత్రం వెయ్యరు. కొసలు పోగుచేసి కాగితం పట్టీలో దూర్చి వదిలేస్తారు, దంపతుల జీవితంలో చిక్కులు రాకూడదని. కొంగుముడి లేనిదే పెళ్లి జరగని ఇంట్లో పెరిగిన నాకు ఆ మాట వింటే ఆశ్చర్యమేసింది.

ఇక నా బాధ. ఒక చూసక్ పండక్కి ఆ హాల్మొనీకే ఇద్దామని సియోల్‌లో బేరిపళ్ల పెట్టె కొన్నాను. పెట్టె కొలత, బరువు చెప్పి మరీ ఒక కొట్లో నోబాంగ్ గుడ్డ తీసుకున్నాను. పల్చటి పట్టు, అవతలి వస్తువు లీలగా కనబడుతుంది. ధర కూడా తక్కువేం కాదు. సువాన్ స్టేషన్ మెట్లు దిగుతుంటే మూట ఒక పక్కకి ఒరిగింది. చూస్తే ముడి వేసింది వేసినట్టే ఉంది. దాని కింద, రెండు ముక్కలు కలిపి కుట్టిన చోట, పోగులు పక్కకి జరిగి సందు పడింది. చిరిగితే కుట్టించుకోవచ్చు, జరిగిన పోగుల్ని మళ్లీ ఎవరు సర్దుతారు? పెట్టెని చంకనెత్తుకుని ఇంటికొచ్చాను. కొట్టుకి వెళ్లి అడిగితే, అది అందానికే కానీ బరువు మొయ్యడానికి కాదన్నారు. ఆ ముక్క అమ్మేటప్పుడు చెప్పాలి కదా!

కాబట్టి ముడి గురించి పైన రాసిందంతా సరైన గుడ్డకే. నున్నటి పాలియెస్టర్‌లో దారిలోనే వదులవుతుంది, దిగేముందు ఓసారి బిగించుకోవాలి. మోషి, అంటే రామీ నార గుడ్డ, గట్టిగా పట్టుకుంటుంది కానీ ముడతలు పడిందంటే తడి చేసి ఇస్త్రీ చెయ్యాల్సిందే. బొజాగిని ఎన్నిసార్లయినా వాడొచ్చని అంటారు కానీ అది కూడా పూర్తిగా నిజం కాదు, ఇచ్చిన గుడ్డ సాధారణంగా మనకి తిరిగి రాదు. హాల్మొనీ ఒక్కావిడే ఉతికి, మడతపెట్టి, అందులో తన కిమ్చీ డబ్బా కట్టి పంపిస్తుంది.

నేను కానుకలిచ్చేది నాలుగైదిళ్లకే, మెట్రో ఎక్కితే సియోల్‌లో గుడ్డలమ్మే క్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కి వెళ్లిపోతాను కాబట్టి నాకు సరిపోయింది. హైదరాబాద్‌లో ఉండుంటే పార్సిల్ ఖర్చు పెట్టి తెప్పించేదాన్ని కాదేమో. మంగళగిరి నూలు గుడ్డ చతురస్రంగా కత్తిరించి, నాలుగు వైపులా అంచు కుట్టించి చూసేదాన్ని. మూల నుంచి మూలకి పెట్టె పొడవుకి మూడింతలుంటే ముడికి చాలు.