‘200 ఆంపియర్ల’ బుల్లి వెల్డింగు యంత్రం: ఇంటి షెడ్డులో దాని అసలు సత్తా

పాత రాగి వైండింగు వెల్డింగు సెట్టుతో పరిచయమున్నవారి చేతికి ఈ ఇన్వర్టరు యంత్రాన్ని ఇస్తే ముందు కలిగేది అనుమానమే. ఆ సెట్టును ఒకచోటి నుంచి మరోచోటికి మార్చాలంటే ఇద్దరు మనుషులు పట్టాలి, దానికి రెండు ఫేజుల కరెంటు లాగాలి. ఇదేమో ఐదారు కిలోల బరువుతో, భుజానికి తగిలించుకునే పట్టీతో, ఇంట్లోని సింగిల్ ఫేజు ప్లగ్గుతోనే పనిచేస్తానంటూ ముఖం మీద ‘200’ అన్న అంకె వేసుకొని వస్తుంది. విజయవాడ శివార్లలో, ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఒక పాత బజాజ్ చేతక్ స్కూటరును బాగుచేసుకుంటూ, మధ్యమధ్యలో మిత్రుల జీపులకూ ఇంటి గేట్లకూ అతుకులు వేస్తూ ఈ యంత్రాన్ని వాడుతున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. ఇది 90 ఆంపియర్ల దగ్గర ముచ్చటగా పనిచేసే యంత్రం. 200 ఆంపియర్ల యంత్రమని నమ్మి కొన్నవారు మాత్రం దీన్నీ, ఇంటి వైరింగునూ రెండింటినీ ఇబ్బంది పెడతారు.

తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఆరేడు వేల రూపాయల ధరలో దొరికే ఈ తరగతి యంత్రాలు రంగూ లేబులూ మార్చుకొని ఎన్నో పేర్లతో అమ్ముడవుతున్నాయి. వాటి గుణదోషాలు కూడా దాదాపు ఒకే రకంగా ఉంటాయి కనుక, ఫలానా పేరును నిందించడం వల్లగానీ మెచ్చుకోవడం వల్లగానీ కొనేవారికి పెద్ద ప్రయోజనం లేదు.

ఇంత చిన్న డబ్బాలో అంత శక్తి ఎలా ఇమిడిందన్న ప్రశ్నకు సమాధానం తేలికైనదే. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, అంటే 100 సార్లు దిశ మారుతుంది. ఆ వేగంతో పనిచేసే ట్రాన్స్‌ఫార్మరుకు బరువైన ఇనుప కోరు, కిలోల కొద్దీ రాగి తీగ తప్పవు. ఇన్వర్టరు యంత్రం వచ్చిన కరెంటును ముందు డీసీగా, అంటే ఒకే దిశలో పారే కరెంటుగా మార్చి, ఐజీబీటీలనే ఎలక్ట్రానిక్ స్విచ్చులతో సెకనుకు కొన్ని పదుల వేల సార్లు ఆపుతూ వదులుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి, చివరకు మళ్లీ డీసీ చేసి, కరిగి అతుకులో కలిసే వెల్డింగు రాడ్డుకు అందిస్తుంది. వేగం పెరిగినకొద్దీ ట్రాన్స్‌ఫార్మరు చిన్నదవుతుంది, అందుకే ఈ యంత్రం ఒంటిచేత్తో ఎత్తగలిగేంత తేలికగా ఉంటుంది.

అసలు చిక్కు ఆ 200 అన్న అంకె దగ్గర మొదలవుతుంది. రాడ్డు వెల్డింగులో ఆర్కు (రాడ్డు మొనకూ ఇనుముకూ మధ్య వెలిగే మంట) వోల్టేజిని లెక్కగట్టడానికి ఒక ప్రామాణిక సూత్రం ఉంది: ఆంపియర్ల సంఖ్యను 0.04తో గుణించి 20 కలపాలి. 200 ఆంపియర్లకు 28 వోల్టులు, అంటే 5,600 వాట్లు ఆర్కులోనే ఖర్చవుతాయి. యంత్రంలోపలి నష్టాలను, ఈ ధరలో దొరికేవాటికి సుమారు 0.7 దగ్గర ఉండే పవర్ ఫ్యాక్టరును (లైను నుంచి లాగినదానిలో నిజంగా పనికొచ్చే వంతును) కలుపుకుంటే 230 వోల్టుల లైను నుంచి 40 ఆంపియర్ల వరకు లాగవలసి వస్తుంది. ఇంట్లో మనకున్న పెద్ద సాకెట్టు సామర్థ్యం 16 ఆంపియర్లు. అదే లెక్కను వెనక్కి తిప్పి చూస్తే ఆ సాకెట్టు నుంచి న్యాయంగా తీసుకోగలిగిన వెల్డింగు కరెంటు 90 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. అంతకుమించి నాబు తిప్పితే ఎంసీబీ (లోడు మించితే లైను తెంచే స్విచ్చు) పడిపోవడమో, పడకపోతే ప్లగ్గు కాళ్లు నల్లబడటమో జరుగుతుంది.

దీనికి తోడు సాయంత్రం వేళ వోల్టేజి పడిపోయే కాలనీల్లో, పల్లెల్లో మరో తిరకాసు ఉంది. పాత ట్రాన్స్‌ఫార్మరు సెట్టులో వోల్టేజి తగ్గితే ఆర్కు కూడా నీరసించేది, కాబట్టి వెల్డరుకు విషయం చేతిలోనే తెలిసిపోయేది. ఇన్వర్టరు అలా కాదు. లోపలి సర్క్యూటు ఆర్కును నిలకడగా ఉంచడానికి లైను నుంచి మరింత కరెంటు లాక్కుంటుంది, మంట మాత్రం ఎప్పటిలాగే అందంగా వెలుగుతూ ఉంటుంది. మనకు తెలియకుండానే వేడి అంతా ప్లగ్గులోనూ ఎక్స్‌టెన్షన్ వైరులోనూ పేరుకుంటుంది. టేబుల్ ఫ్యాన్‌కు వాడే సన్నని ఎక్స్‌టెన్షన్ బోర్డుతో ఈ యంత్రాన్ని నడపడం ప్రమాదం, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, అదీ చుట్టగా కాకుండా పూర్తిగా విప్పి పరిచి వాడాలి. అంతకంటే మంచిది, మీటరు బోర్డు నుంచి షెడ్డుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరుతో విడిగా లైను లాగి, సరైన ఎర్తింగు ఇప్పించుకోవడం. దీనికయ్యే ఖర్చును యంత్రం ధరలో భాగంగానే లెక్కవేసుకోవాలి.

డ్యూటీ సైకిల్ అంకెను కూడా కొంచెం జాగ్రత్తగా చదవాలి. 60 శాతం అని రాసి ఉంటే, ప్రతి పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగు చేసి నాలుగు నిమిషాలు యంత్రానికి విశ్రాంతి ఇవ్వాలని అర్థం. ఆ పరీక్షను ప్రామాణికంగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత దగ్గర చేస్తారు. మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు కాసే మన ప్రాంతంలో, సిమెంటు రేకుల కింద మిట్టమధ్యాహ్నం ఆ అంకెకు విలువ లేదు. అయితే 80, 90 ఆంపియర్ల దగ్గర వాడుతున్నంతవరకు నాది వేసవిలో కూడా వేడెక్కి ఆగిపోలేదు. నిజానికి ఇంటి పనిలో రాడ్డు మార్చడం, అతుకు మీద గట్టిపడే పెంకు కొట్టడం, బ్రష్షు వేయడం, ముక్కను తిప్పి పెట్టడం వంటివాటికే సగానికి పైగా సమయం పోతుంది కనుక యంత్రానికి కావలసిన విశ్రాంతి దానంతట అదే దొరుకుతుంది.

ఇక పనితనం. మూడు మిల్లీమీటర్లు, అంతకు మించిన మందం ఉన్న ఇనుము మీద దీనికి వంక పెట్టలేను. 40 బై 40 యాంగ్లర్లతో షెడ్డులో పని బల్ల కట్టుకున్నాను, 2.5 మిల్లీమీటర్ల 6013 రకం (మామూలు ఇనుప పనులకు వాడే) రాడ్డును 80 ఆంపియర్ల దగ్గర పెడితే, గీసిన మరుక్షణమే ఆర్కు పట్టుకుంటుంది. మొదటి క్షణంలో కాస్త ఎక్కువ కరెంటు వదిలే హాట్ స్టార్టు, రాడ్డు అంటుకుపోతే వెంటనే కరెంటు తగ్గించే యాంటీ స్టిక్కు, ఈ రెండూ కొత్తగా నేర్చుకునేవారికి నిజమైన వరాలు. పాత ఏసీ సెట్టు మీద రాడ్డు అతుక్కుపోయి ఎర్రగా కాలిపోతుంటే దాన్ని ఊడబెరకడానికి తంటాలు పడటం ఇక్కడ దాదాపు లేదు. డీసీ ఆర్కు నిలకడ వల్ల పెంకు కూడా శుభ్రంగా లేస్తుంది. వేగం సరిగ్గా కుదిరిన చోట సుత్తితో ఒక మూల తడితే చాలు, అది పొడవాటి చీలికగా దానంతటదే ఎగిరిపడి, కింద సమానమైన అలలతో మెరిసే అతుకు బయటపడుతుంది. 3.15 రాడ్డుకు 100 నుంచి 130 ఆంపియర్లు కావాలి కనుక దాన్ని విడి లైను వేయించాకే ముట్టుకోవడం మంచిది. ఎక్కువ బలం కావలసిన అతుకులకు వాడే 7018 రకం రాడ్లను ఈ తరగతి యంత్రాలన్నీ ఒకే తీరుగా మండించలేవు. పైగా ఆ రాడ్లను 300 డిగ్రీలకు పైబడిన ఓవెనులో ఆరబెట్టే సదుపాయం ఇంట్లో ఉండదు, కాబట్టి వాటి ఊసు వదిలేశాను.

స్కూటరు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. చేతక్‌కు మోటారు సైకిలులా గొట్టాల ఫ్రేము ఉండదు, ప్రెస్సు చేసిన ఉక్కు రేకే దాని శరీరం, అదే దాని ఎముకల గూడు. ఫుట్‌బోర్డు రబ్బరు పట్టీల కింద ఏళ్ల తరబడి వాన నీరు నిలిచి, పైకి రంగు బాగానే కనిపిస్తున్నా స్క్రూడ్రైవరుతో పొడిస్తే అవతలికి దిగిపోయే స్థితికి వస్తుంది. తుప్పు పట్టినంత మేర కోసేసి, 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల కొత్త రేకు అతకాలి. ఇంత పలుచని రేకు మీద 2.5 రాడ్డు పెడితే అతుకు పడేలోపే బొక్క పడుతుంది. పైగా తుప్పు తిన్న అంచు అసలు మందంలో సగం కూడా ఉండదు.

ఈ యంత్రంతోనే ఆ పని చేయించడానికి ఒక దారి ఉంది. 2 మిల్లీమీటర్ల రాడ్డు తీసుకొని కరెంటును 40 నుంచి 45 ఆంపియర్లకు దించి, కనెక్టర్లను తారుమారు చేసి రాడ్డు పట్టుకునే హోల్డరును మైనస్‌కు, ఇనుముకు తగిలించే ఎర్తు క్లాంపును ప్లస్‌కు పెట్టాలి. అప్పుడు అతుకు లోతు తగ్గుతుంది, రేకు కాస్త నిలబడుతుంది. అతుకు వెనక మందపాటి రాగి పట్టీ ఒకటి క్లాంపుతో బిగిస్తే వేడిని అది లాగేసుకుంటుంది, కరిగిన ఉక్కు దానికి అంటుకోదు కూడా. ఆపైన గీతలా లాగకుండా, ఇక్కడొక టాకా అక్కడొక టాకా వేస్తూ, రేకు చల్లారేదాకా ఆగుతూ పూర్తి చేయాలి. వరసగా లాగితే రేకు వంకర్లు పోతుంది. పని అవుతుంది కానీ ప్రతి టాకాకూ పెంకు కొట్టి, గ్రైండరుతో గుబ్బలు అరగదీసి, మిగిలిన సూది రంధ్రాలను మళ్లీ పూడ్చవలసి ఉంటుంది. 0.8 మిల్లీమీటర్ల తీగతో నడిచే మిగ్ యంత్రం ఇదే పనిని ఎంతో తక్కువ శ్రమతో, పెంకు బాధ లేకుండా చేస్తుంది. దాని ధర మాత్రం దీనికి రెట్టింపు పైనే, గ్యాసు సిలిండరు ఖర్చు అదనం. మన ఆటోనగర్లలో టింకరింగు చేసే పాతకాలపు మేస్త్రీలు గ్యాసు వెల్డింగుతో ఇటువంటి రేకును అతికే తీరు చూస్తే, ఫుట్‌బోర్డు ఒక్కటే సమస్య అయినవారు యంత్రం కొనకుండా స్కూటరును అక్కడికే తోలుకెళ్లడం తెలివైన పని అనిపిస్తుంది.

డబ్బాతో వచ్చిన సరంజామా విషయంలో నాకు గట్టి ఫిర్యాదే ఉంది. కేబుళ్లు రెండూ పొట్టివి. చూడటానికి లావుగా ఉన్నా రబ్బరు తీసి చూస్తే లోపల రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు. 80 ఆంపియర్ల దగ్గరే కాసేపటికి చేతికి వెచ్చగా తగిలేవి. ఎర్తు క్లాంపు స్ప్రింగు బలహీనం, అది తుప్పు మీద పట్టు నిలుపుకోలేక ఆర్కు మధ్యలో తడబడేది. 25 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి కేబులు, ఇత్తడి దవడలున్న క్లాంపు కొని తగిలించాక అదే యంత్రం వేరేదానిలా పనిచేయసాగింది. ఉచితంగా ఇచ్చే చేతి అద్దం మాస్కును పక్కన పెట్టి, దానంతట అదే నల్లబడే హెల్మెట్టు కొనుక్కోవడం మేలు. 80 ఆంపియర్ల లోపు పనికి 10వ నంబరు షేడు (అద్దం నలుపు స్థాయి), ఆపైన 11 సరిపోతుంది. కళ్లకు ఆర్కు తగిలితే నొప్పి అప్పుడే తెలియదు, కొన్ని గంటల తర్వాత ఇసుక పోసినట్టు మొదలై రాత్రంతా నిద్ర పోనివ్వదు.

యంత్రంతో వచ్చిన కరపత్రంలో వాహనాల మీద వెల్డింగు గురించి ఒక్క ముక్క కూడా లేదు, ఉండవలసింది. బ్యాటరీ మైనస్ వైరు విప్పకుండా మొదలుపెట్టకూడదు. ఎర్తు క్లాంపును అతుకు వేసే చోటుకు వీలైనంత దగ్గరగా, శుభ్రంగా గీకిన ఇనుము మీదే బిగించాలి. దూరంగా ఎక్కడో చక్రం దగ్గర బిగిస్తే కరెంటు బేరింగుల గుండా ప్రవహించి వాటి గోలీలను పాడు చేస్తుంది. చేతక్‌లో పెట్రోలు ట్యాంకు సీటు కిందే ఉంటుంది కనుక దాన్ని పూర్తిగా విప్పి షెడ్డు బయట పెట్టాలి. ఫుట్‌బోర్డు మధ్య ఉబ్బెత్తు గొట్టం లోపలే క్లచ్చు, గేరు కేబుళ్లు, వైరింగు వెళ్తాయి. ముందుగా వాటిని లాగేయకపోతే పైన టాకా వేస్తుండగా లోపల ప్లాస్టిక్కు మండుతుంది. జింకు పూత ఉన్న రేకును పూత గీకకుండా వెల్డు చేస్తే వచ్చే తెల్లని పొగ పీలిస్తే సాయంత్రానికి జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. తుప్పు మరమ్మతు వరకు ఫరవాలేదు కానీ, జీపు చాసీని కోసి పొడిగించడం వంటి సరదాలకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డువస్తుంది. ఒక మిత్రుడు అడిగితే అందుకే వద్దన్నాను.

మన్నిక సంగతికొస్తే, ఈ యంత్రాల ప్రాణం తీసేది ఎక్కువగా వెల్డింగు కాదు, పక్కనే నడిచే గ్రైండరు. లోపలి ఫ్యాను ఇనుప పొడిని పీల్చి నేరుగా సర్క్యూటు బోర్డు మీద పోస్తుంది. అది కరెంటును మోస్తుంది కనుక ఏదో ఒకరోజు రెండు తీగల మధ్య వంతెన కడుతుంది. గ్రైండరును దూరంగా పెట్టుకోవడం, అప్పుడప్పుడు ప్లగ్గు తీసి, కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి దిగేదాకా ఆగి పొడి గాలితో ఊదడం అవసరం. పని లేనప్పుడు గుడ్డ సంచిలో కట్టి ఉంచాలి, లేకపోతే గాలి రంధ్రాల్లోంచి బల్లి దూరుతుంది; బోర్డు మీద బల్లి చచ్చిందంటే వారంటీ వర్తించదని చెప్పే సర్వీసు సెంటర్లే ఎక్కువ.

కొనదలచినవారు సికిందరాబాదు రాణీగంజ్ వంటి పనిముట్ల బజారులోగానీ, ఊళ్లోని ఆటోనగర్‌లోగానీ దుకాణంలోనే ప్లగ్గు పెట్టించి, తమ ముందే రాడ్డు వెలిగించి చూపమనాలి. పెద్ద అక్షరాల అంకెను వదిలేసి, వెనక రేటింగు ప్లేటు మీద గరిష్ఠ ఇన్‌పుట్ కరెంటు ఎంతో, ఏ ఆంపియర్ల దగ్గర ఎంత డ్యూటీ సైకిలో చదవాలి. అసలు ఆ ప్లేటే లేని యంత్రాన్ని ఎంత చవకైనా తీసుకోకూడదు. బోర్డు పోతే మార్పిడికి ఎంతవుతుందో, అది ఊళ్లోనే జరుగుతుందో లేక పార్సిలు పంపాలో డబ్బు కట్టకముందే అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. ఇదే ధరలో 160 ఆంపియర్ల యంత్రం నిజమైన రాగి కేబుళ్లతో దొరికితే, 200ను పక్కన పెట్టి దాన్నే తీసుకోమంటాను.