టికెట్ అమ్మిన కొట్టుకు వాటా: కేరళలో ఒకలా, కాలిఫోర్నియాలో మరోలా

2022లో కేరళ లాటరీలో మొదటి బహుమతి తగిలితే, టికెట్ అమ్మిన ఏజెంటుకు 10 శాతం దక్కేది. అదీ గెలిచినవాళ్ల సొమ్ములోంచే కోసేవాళ్లు. ఆ ఏడాది ఓణం పండక్కి తీసిన ప్రత్యేక లాటరీ, తిరువోణం బంపర్‌నే చూడండి. 500 రూపాయల టికెట్, 25 కోట్ల బహుమతి. రెండున్నర కోట్లు ఏజెంటుకు పోగా, మిగిలినదాని మీద 30 శాతం పన్ను. చివరికి లెక్క 15.75 కోట్లకు దిగింది, పన్ను మీద పడే సర్‌చార్జీ కాకుండానే!

కాలిఫోర్నియాలో గెలిచినవాళ్ల డబ్బు ముట్టుకోరు. పవర్‌బాల్ అనే లాటరీ జాక్‌పాట్‌లో అర శాతం లెక్కన లాటరీ సంస్థే కొట్టుకు విడిగా ఇస్తుంది, 10 లక్షల డాలర్లు మించకుండా. 2022 నవంబరులో ఆల్టడీనాలో ఒక పెట్రోలు బంకు అమ్మిన టికెట్‌కు 204 కోట్ల డాలర్లు తగిలితే, బంకాయనకు ముట్టింది ఆ 10 లక్షలే.

నాకు ఈ రెండో పద్ధతే న్యాయంగా తోస్తుంది. కానీ రోడ్డు పక్కన బల్ల వేసుకుని ఎండలో టికెట్లు అమ్మే మనిషిని తలుచుకుంటే, ఆ 10 శాతం తగ్గించమని నోరు రాదు.