వాల్వ్ పోయిందన్నారు, జల్లెడ కడిగితే నీళ్లొచ్చాయి

ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ నుంచి కాప్రా వెళ్లే రోడ్డు మీద ఒక్క షట్టరున్న చిన్న రిపేరు షాపు ఉంది, బయట పాత డ్రమ్ములు పేర్చి ఉంటాయి, అదే గుర్తు. ఈ రివ్యూ ఆ షాపు గురించే.

మాది ఆరేళ్ల ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషిన్. పోయిన వారం స్టార్ట్ నొక్కితే గుర్రుమని శబ్దం, లోపలికి చుక్క నీరు రాదు, కాసేపటికి బీప్ కొట్టి ఆగిపోతుంది. కంపెనీ సర్వీసు నుంచి వచ్చినతను మెషిన్ వెనక్కి తొంగి కూడా చూడకుండా, నీళ్లు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ పోయింది, బోర్డు కూడా పోయి ఉండొచ్చు, ఆరున్నర వేలవుతుందని చెప్పి విజిట్ చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో చంటిపిల్ల, రోజూ రెండు బకెట్ల బట్టలు, చాలా టెన్షన్ పడ్డాను.

ఈ షాపు భాయ్ వచ్చి ముందు అడిగింది నీళ్ల గురించి. "ట్యాంకు ఎప్పుడు కడిగిన్రు మేడమ్?" అన్నాడు. సరిగ్గా పది రోజుల క్రితం! తర్వాత మెషిన్ ఆన్ చేసి చెవి పెట్టి విన్నాడు. "గుర్రుమంటుందంటే వాల్వ్ దాకా కరెంటొస్తున్నది, నీళ్లే వస్తలేవు" అన్నాడు. ప్లగ్ తీసి, కుళాయి కట్టేసి, పైపు విప్పి బకెట్‌లో పెట్టి కుళాయి తిప్పాడు, ధార సన్నగానే ఉంది. అప్పుడు మెషిన్ వెనక పైపు తగిలించే చోట నుంచి, సీసా మూతంత కూడా లేని ప్లాస్టిక్ జల్లెడను నోస్‌ప్లయర్‌తో మెల్లగా లాగి నా అరచేతిలో పెట్టాడు. ఒకవైపు ట్యాంకు కడిగినప్పుడు కదిలిన సన్నటి నల్లమట్టి, ఇంకోవైపు మా బోరు నీళ్ల తెల్లటి సున్నం, గట్టిగా పెచ్చు కట్టేసి ఉంది. గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వచ్చేసింది. వాల్వ్ కాయిల్‌కి మల్టీమీటర్ పెట్టి నాకూ చూపించాడు, దాదాపు 4 కిలో ఓమ్స్, అంటే బాగానే ఉందట.

అపార్ట్‌మెంట్‌లో మాకొక్కరికే ఎందుకిలా అంటే, మాది పై అంతస్తు. ట్యాంకు నెత్తి మీదే ఉన్నా, పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ (నీటి ఒత్తిడి కొలత) లెక్కన, కుళాయికీ ట్యాంకుకీ మధ్య మూడు మీటర్లే ఉంటే వచ్చేది 0.3 బార్. చాలా మెషిన్లు కనీసం అంతైనా అడుగుతాయి, దానికి తోడు జల్లెడ మూసుకుపోతే ఇక నీళ్లేం ఎక్కుతాయి? కింది ఫ్లోర్ల వాళ్లకి అదే మట్టి ఉన్నా, ప్రెషర్ ఎక్కువ కాబట్టి నీళ్లు తోసుకుని వెళ్తాయి. మళ్లీ ఇలాగే అయితే చిన్న ప్రెషర్ పంపు పెట్టుకొమ్మన్నాడు, కానీ తన దగ్గరే కొనమని మాత్రం అనలేదు.

తీసుకున్నది 350 రూపాయలు. సోమవారం వస్తానని మంగళవారం సాయంత్రం వచ్చాడు, మధ్యలో ఫోన్ కూడా ఎత్తలేదు, అది నాకు నచ్చలేదు, బిల్లు కూడా అడిగితే తప్ప ఇవ్వలేదు. అందుకే ఒక స్టార్ తగ్గించాను. కానీ ఆరున్నర వేల ఖర్చు తప్పించి, జల్లెడ ఎలా తీయాలో, పైపు మళ్లీ బిగించేటప్పుడు రబ్బరు వాషర్ ఎలా కూర్చోవాలో నా చేతే చేయించి వెళ్లాడు. ఆరుసార్లు బట్టలు వేశాను, ఒక్కసారి కూడా ఆగలేదు. ఈసారి ట్యాంకు కడిగే రోజు మెషిన్ కుళాయిలు కట్టేసుకోమని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరికీ చెప్పాను.