వేగం పెంచగానే ఎగిరెగిరి పడే చిన్న పడవ: కొన్ని సీజన్లు వాడాక నా సమీక్ష

మా పద్నాలుగు అడుగుల అల్యూమినియం పడవ ఇప్పుడు ఫుల్ థ్రాటిల్‌లో కూడా నిలకడగా పోతుంది. కొన్న కొత్తలో ఇలా ఉండేది కాదు. గంటకు 17, 18 మైళ్లు దాటిందంటే చాలు, ముక్కు పైకి లేవడం, ధబ్బుమని కింద పడడం, మళ్లీ లేవడం. నీళ్ల మీద అల ఒక్కటి లేకపోయినా అదే వరస. థ్రాటిల్ తగ్గిస్తే ఆగిపోతుంది, పెంచితే ఇంకా గట్టిగా కొడుతుంది. దీన్నే ఇక్కడ పోర్పాయిజింగ్ అంటారు. దీన్ని ఆపడానికి కొన్ని డబ్బు ఖర్చు లేని పనులు చేశాను, కొన్ని వస్తువులు కొని బిగించాను. అన్నీ సీజన్ల తరబడి వాడాను కాబట్టి ఏది నిలబడింది, ఏది గ్యారేజీకి చేరింది అన్నది ధైర్యంగా చెప్పగలను.

మేముండేది జార్జియాలోని కమ్మింగ్‌లో. లేక్ లేనియర్ పక్కనే. ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు ఎంత ఎక్కువో ఇక్కడున్న వాళ్లకి చెప్పక్కర్లేదు. మేరీ ఆలిస్ పార్క్‌లో పడవలు నీళ్లలోకి దించే ర్యాంప్ దగ్గర తెలుగు మాటలు వినబడడం ఇప్పుడు మామూలైపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో చిన్న పడవ కొన్న ప్రతివాళ్లూ ఈ ఎగురుడు గురించే అడుగుతున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాది వి ఆకారపు అడుగున్న పడవ, 20 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు. స్టీరింగ్ లేదు, టిల్లర్ హ్యాండిల్ పట్టుకుని వెనక కూర్చుని నడపాలి. మోటారు దాదాపు 45 కిలోలు. వెనకే నేను, వెనకే ఆరు గ్యాలన్ల పెట్రోలు ట్యాంకు, వెనకే ట్రోలింగ్ మోటారు (చేపలు పట్టేటప్పుడు మెల్లగా పోవడానికి వాడే చిన్న ఎలక్ట్రిక్ మోటారు) బ్యాటరీ. పాత ఓనరు అలాగే అమర్చుకున్నాడు. చిన్న పడవలు చాలావరకు ఇలాగే ఉంటాయి, సమస్య మొదలయ్యేదీ ఇక్కడే.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. లేనియర్‌లో శని, ఆదివారాల్లో పెద్ద పెద్ద వేక్‌బోట్లు లేపే అలల మీద ఏ చిన్న పడవైనా కొట్టుకుంటుంది. అది వేరు. పోర్పాయిజింగ్ అంటే చదునైన నీటి మీద కూడా ఒకే తాళంలో వచ్చే ఎగురుడు. పొద్దున్నే, గాలి లేని సమయంలో వెళ్లి చూడండి. ఫోన్‌లో జీపీఎస్ స్పీడు పెట్టుకుని, ఎంత వేగంలో మొదలవుతుందో రాసుకోండి. తర్వాత ఒక మనిషిని ముందు సీట్లో కూర్చోబెట్టి అదే వేగంలో నడపండి. ఎగురుడు ఆగిందా, మీ జబ్బు చాలావరకు బరువుదే. నా పడవలో మా తమ్ముడు ముందు కూర్చోగానే అది పూర్తిగా మాయమైంది.

ఎందుకిలా అవుతుందంటే, పడవ ప్లేన్ ఎక్కాక, అంటే వేగానికి పైకి లేచి నీటి మీద జారుతూ పోతున్నప్పుడు, నీటిని తాకేది అడుగులో వెనక భాగం మాత్రమే. బరువు వెనక ఎక్కువైతే ముక్కు లేస్తుంది, ఎడ్లబండిలో వెనక బస్తాలు ఎక్కువైతే కాడి లేచినట్టు. ముక్కు లేచిన కొద్దీ నీటిని తాకే భాగం తగ్గి, నీరు పైకి నెట్టే చోటు వెనక్కి జరుగుతుంది. అప్పుడు ముందు భాగానికి ఆధారం లేక ముక్కు పడుతుంది. పడగానే నీటిని తాకే భాగం మళ్లీ పెరిగి ముక్కును పైకి నెడుతుంది. ఇది ఆగని చక్రం. న్యూజెర్సీలోని స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన డేనియల్ సావిట్‌స్కీ 1964లో ప్లేనింగ్ పడవల డిజైన్ మీద రాసిన పత్రంలో దీని హద్దులను గ్రాఫులుగా ఇచ్చారు. ఫలానా వేగానికి, ఫలానా బరువుకి ముక్కు ఇంత కోణం కంటే పైకి లేస్తే ఎగురుడు మొదలవుతుందని వాటి సారాంశం. అడుగు చదునుగా ఉన్న పడవకి ఆ హద్దు తక్కువ, లోతైన వి ఉన్న పడవకి కాస్త ఎక్కువ. మనం చేసే ప్రతి రిపేరూ చివరికి ఆ కోణం తగ్గించడానికే.

ఏదైనా కొనే ముందు పడవ అడుగు చూసుకోండి. ట్రైలర్ మీద ఉండగానే నాలుగైదు అడుగుల తిన్నని లెవెల్ పట్టీని అడుగుభాగానికి, వెనక అంచు నుంచి ముందుకి పొడుగ్గా ఆనించి పెట్టాలి. రెండో పక్క నుంచి టార్చి వేయాలి. పట్టీ మధ్యలో వెలుతురు కనబడితే అడుగు లోపలికి గుంట పడిందన్నమాట. దాన్ని హుక్ అంటారు, అది ముక్కును కిందికి తొక్కుతుంది. పట్టీ మధ్యలో ఆనుకుని రెండు చివర్లూ ఊగితే అడుగు బయటికి ఉబ్బిందన్నమాట. అది రాకర్, ఎగురుడికి పెద్ద కారణం. నా పడవకి రెండూ లేవు, పట్టీ పొడుగునా ఎక్కడా వెలుతురు రాలేదు. మీ పడవకి రాకర్ ఉంటే కింద చెప్పేవి కొంతవరకే పనిచేస్తాయి. ముందు అల్యూమినియం పని తెలిసినవాళ్లకి చూపించండి. ట్రైలర్ మీద పడవ ఆనే చెక్క బంకులు (పొడుగాటి దిమ్మెలు) పడవ వెనక గోడ దాకా ఉన్నాయో లేదో కూడా చూడండి. అవి పొట్టిగా ఉంటే మోటారు బరువుకి అడుగు వంకరపోతుంది.

ఇక బరువులు. బ్యాటరీ 25 కిలోలు. దాన్ని వెనక నుంచి మూడు మీటర్లు ముందుకి, ముక్కులోని పెట్టెలోకి మార్చాను. పెట్రోలు ట్యాంకు నిండుగా ఉంటే 20 కిలోలు. అది మధ్య బెంచీ కిందికి, మీటరున్నర ముందుకి వచ్చింది. టిల్లర్‌కి ఎక్స్‌టెన్షన్ హ్యాండిల్ తగిలించుకుని నా 80 కిలోల బరువుతో రెండడుగులు ముందుకి జరిగాను. ఇప్పుడు లెక్క చూడండి, ఎన్ని కిలోలో అన్నదాన్ని ఎన్ని మీటర్లు జరిగిందో దానితో గుణించాలి. బ్యాటరీది 25 ఇంటూ 3, అంటే 75. నాది 80 ఇంటూ 0.6, అంటే 48. ట్యాంకుది 30. మొత్తం 153. పడవ, మోటారు, సామాను, నేను అన్నీ కలిపి 320 కిలోల వరకు ఉంటాం. 153ని 320తో భాగిస్తే దాదాపు 48 సెంటీమీటర్లు. అంటే మొత్తం పడవ బరువు కేంద్రం అడుగున్నర ముందుకి జరిగింది! ఇందులో సగం పని ఒక్క బ్యాటరీదే. మనిషి ముందుకి జరగడం కంటే బ్యాటరీని జరపడం వల్లే లాభం ఎక్కువని ఈ లెక్క వేస్తేనే తెలుస్తుంది.

ట్యాంకు మధ్యలోకి రావడంలో ఇంకో మేలుంది. వెనక ఉన్నప్పుడు పొద్దున నిండు ట్యాంకుతో పడవ ఒకలా, మధ్యాహ్నానికి ఖాళీ అయ్యాక ఇంకోలా ఉండేది. ఇప్పుడు రోజంతా ఒకేలా ఉంటుంది. గొట్టం పొడుగుది కొనాలి, క్లాంపులు కొత్తవి వేయాలి, ట్యాంకును కదలకుండా పట్టీతో కట్టేయాలి. నా మోటారు తాడు లాగి స్టార్ట్ చేసేది కాబట్టి బ్యాటరీ తీగల సమస్య రాలేదు. మీది ఎలక్ట్రిక్ స్టార్ట్ అయితే అంత దూరానికి లావుపాటి కేబుళ్లు వేయాలి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ పెట్టాలి. ఈ పని తెలిసినవాళ్లతోనే చేయించండి.

తర్వాత మోటారు కోణం. చిన్న మోటార్లకి బ్రాకెట్‌లో కన్నాలు, వాటిలో ఒక పిన్ను ఉంటుంది. ఇంజన్ ఆపి, మోటారు పైకి లేపి, పిన్నును ఒక కన్నం వెనక గోడ వైపుకి మారిస్తే మోటారు లోపలికి వంగి ముక్కు కిందికి దిగుతుంది. పైసా ఖర్చు లేదు. ఎత్తు కూడా చూడండి. ప్రొపెల్లర్ పైన ఉండే పలక, అందరూ క్యావిటేషన్ ప్లేట్ అంటారే, అది పడవ అడుగుతో సమంగానో కాస్త పైనో ఉండాలి.

బరువులు, పిన్ను ఈ రెండింటితోనే ఎగురుడు 90 శాతం పోయిందని నా అంచనా. ఒక్కణ్నే ఉండి ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు, అదీ ఎదురుగాలి ఉంటే, ముక్కు కొంచెం ఆడేది. దానికోసమే ఫిన్ కొన్నాను.

క్యావిటేషన్ ప్లేట్‌కి రెండు పక్కలా రెక్కల్లా బిగించే ప్లాస్టిక్ హైడ్రోఫాయిల్‌నే ఫిన్ అంటున్నాను. ఎవర్ని అడిగినా మొదట చెప్పేది దీని గురించే. డ్రిల్ చేసి బిగించేవి ఉన్నాయి, డ్రిల్ అక్కర్లేకుండా పట్టుకునేవి ఉన్నాయి. నేను రెండో రకం తీసుకున్నాను, మోటారు వారంటీ మీద టెన్షన్ ఉండదని. అసలు దాని సత్తా ఎంతో చూద్దామని బ్యాటరీ, ట్యాంకు మళ్లీ పాత చోటే పెట్టి, ఒట్టి ఫిన్‌తో నడిపి చూశాను. ఎగురుడు 18 మైళ్ల దగ్గర కాకుండా 21 దగ్గర మొదలైంది. అంటే జబ్బు పోలేదు, ఇంకాస్త పై వేగానికి జరిగింది.

ఫిన్‌కి ఉన్న మంచి కూడా చెప్పాలి. పడవ తొందరగా ప్లేన్ ఎక్కుతుంది. బయల్దేరేటప్పుడు ముక్కు అంతగా లేవదు కాబట్టి ముందు ఏముందో కనబడుతుంది. తక్కువ వేగంలో కూడా ప్లేన్ మీద నిలుస్తుంది. పిల్లలు ఉన్నప్పుడు మెల్లగా పోవడానికి ఇది నాకు బాగా నచ్చింది. చెడు ఏమిటంటే, వెనక నుంచి అలలు తరుముతున్నప్పుడు ఫిన్ పడవ వెనక భాగాన్ని ఎత్తి, ముక్కును నీట్లోకి తొక్కి, పడవను ఒక పక్కకి లాగేది. టిల్లర్ పట్టుకున్న చేతికి ఆ లాగుడు స్పష్టంగా తెలుస్తుంది. మోటారు అదురుకి బోల్టులు వదులవుతాయి, ప్రతిసారీ చూసుకోవాలి. ఒడ్డు దగ్గర నాచు చుట్టుకుంటుంది. టాప్ స్పీడు మైలు దాకా తగ్గింది. ఒక సీజన్ పైనే వాడి తీసేశాను.

దాని స్థానంలో వచ్చినవి గ్యాస్ స్ట్రట్ (గ్యాస్ ఒత్తిడితో స్ప్రింగులా నెట్టే కడ్డీ) ఉన్న ట్రిమ్ ట్యాబ్‌లు. నౌటికస్ వాళ్ల స్మార్ట్ ట్యాబ్స్ ఈ రకానివే. వెనక గోడకి రెండు మూలలా రెండు పలకలు. మెల్లగా పోతున్నప్పుడు స్ట్రట్ పలకను కిందికి నెడుతుంది, వేగం పెరిగితే నీటి ఒత్తిడికి పలక తనంతట తానే పైకి లేస్తుంది. స్విచ్ లేదు, వైరింగ్ లేదు. పడవ పొడుగుకి, హార్స్‌పవర్‌కి తగ్గ సైజు చూసి తీసుకోవాలి. పెద్దవి వేస్తే ముక్కు మరీ దిగిపోతుంది.

ఇవి వేశాక ఒంటరిగా, ఎదురుగాలిలో, ఫుల్ థ్రాటిల్‌లో కూడా ఆ ఆడడం లేదు. రెండు మూలలా ఉంటాయి కాబట్టి పడవ ఒక పక్కకి వాలడం కూడా తగ్గింది. ఇది నేను ఎదురుచూడని లాభం. ఇన్నాళ్ల వాడకంలో వాటికి నేను చేసిందల్లా స్క్రూలు చూసుకోవడం, నాచు కడగడం. లేనియర్ మంచినీళ్లు కాబట్టి తుప్పు బెడద లేదు. సవానా వైపు ఉప్పునీళ్లలోకి తీసుకెళ్తే తిరిగొచ్చాక మంచినీళ్లతో బాగా కడగాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. వెనక గోడకి కన్నాలు వేయక తప్పదు. స్టెయిన్‌లెస్ స్క్రూలు, ప్రతి కన్నంలో మెరైన్ సీలెంట్. పలక పడవ అడుగు అంచు కంటే కాస్త పైకి ఉండాలి. రివర్స్‌లో పలకలు నీళ్లకి అడ్డుపడి పడవ మొరాయిస్తుంది, డాక్ దగ్గర ఓపిక కావాలి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు ఈతకొట్టి వెనక నుంచి ఎక్కుతుంటే పలక మూలలు కాళ్లకి గీసుకుంటాయి. మా ఇంట్లో పక్క నుంచి నిచ్చెన మీదే ఎక్కాలని రూల్ పెట్టాం.

ప్రొపెల్లర్ మార్చితే కూడా తేడా వస్తుందంటారు. నాలుగు రెక్కలది వెనక భాగాన్ని కాస్త ఎత్తే మాట నిజమే, కానీ ఈ సైజు మోటారుకి ఆ ఖర్చు అవసరం లేదనిపించింది.

ముక్కు వైపు బరువు పెట్టేటప్పుడు అతి చేయకండి. ముందు బరువెక్కిన పడవ అలల్లో నీళ్లు తోడుకుంటుంది, మలుపులో ముక్కు తవ్వుకుపోయి ఒక్కసారిగా తిరిగిపోతుంది. ముందు సీట్లో ఎవరైనా కూర్చుంటే నేను ఎక్స్‌టెన్షన్ తీసేసి పాత చోటికి వెనక్కి వచ్చేస్తాను. పడవ మీద ఉండే కెపాసిటీ ప్లేటులో రాసిన బరువు దాటనే దాటకండి. ఇక కిల్ స్విచ్ తాడు, అంటే నడిపే మనిషి ఒంటికి కట్టుకునేది, అది ఊడితే మోటారు ఆగిపోతుంది. ఎగిరే పడవలోంచి టిల్లర్ పట్టుకున్న మనిషి బయటపడితే మోటారు నడుస్తూనే పడవ గుండ్రంగా తిరిగి అతని మీదికే రావచ్చు. కిల్ స్విచ్ ఉన్న 26 అడుగుల లోపు పడవల్లో ప్లేన్ మీద పోతున్నప్పుడు ఆ తాడు కట్టుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ ఫెడరల్ చట్టమే ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పోర్పాయిజింగ్ పరీక్షలు చేసేటప్పుడు లైఫ్ జాకెట్, ఆ తాడు లేకుండా మోటారు స్టార్ట్ చేయొద్దని బతిమాలి చెబుతున్నాను.

ఎవరికి ఏది అంటే: టిల్లర్ పడవ అయితే బరువులు, పిన్ను, ఎక్స్‌టెన్షన్ హ్యాండిల్‌తో ఆగి చూడండి, చాలామందికి అదే సరిపోతుంది. అప్పటికీ ఆడితే ట్యాబ్‌లు. స్టీరింగ్ మధ్యలో ఉండి, బరువులు జరిపే వీలు లేక, ప్లేన్ ఎక్కడానికే ఆపసోపాలు పడే పడవ అయితే ఫిన్‌కి ఒక అవకాశం ఇవ్వొచ్చు. నాది గ్యారేజీలో ఊరికే ఉంది. కమ్మింగ్ చుట్టుపక్కల ఎవరైనా 20 హార్స్‌పవర్ మోటారుకి వేసి చూసుకుంటానంటే ఇస్తాను, దానికి కొత్త నైలాన్ లాక్‌నట్లు మాత్రం కొనుక్కోండి.