ఆవనూనా, పామాయిలా?

బరంపురంలో మన తెలుగిళ్లలో ఇది రోజూ నలిగే మాటే. పక్కింటి ఒడియా వాళ్లకు ఆవనూనె లేనిదే కూర దిగదు. మనకేమో ఆ ఘాటు పడదు, పామాయిల్ ప్యాకెట్ తెచ్చుకుంటాం.

ధర: పామాయిల్ చవక. ఆవనూనెకు ఇంకాస్త పెట్టాలి.

శ్రమ: పామాయిల్‌తో నేరుగా పోపు వేసేయొచ్చు. ఆవనూనెను సన్నగా పొగ వచ్చేదాకా కాచి, సెగ తగ్గించాకే ఆవాలు వేయాలి. అప్పుడే ఘాటు తగ్గుతుంది.

ఒంటికి: అసలు తేడా ఇక్కడే. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. అది మితిమీరితే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కాలేయంలో కొవ్వు చేరి, ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం తగ్గిపోతుంది. ఆవనూనెలో ఆ కొవ్వు పదో వంతుకు అటూఇటూ. పైగా ఒమేగా-3 కూడా కొంత ఉంది, లోపలి వాపును అదుపులో ఉంచడానికి పనికొచ్చే రకం. మా ఇంట్లో షుగర్ ఉంది కాబట్టి నాకు మిగతా లెక్కలన్నిటికన్నా ఇదే ముఖ్యం.

ముప్పు: ఆవనూనెలో ఎరూసిక్ ఆమ్లం ఎక్కువ. అదొక రకం కొవ్వు ఆమ్లం, మోతాదు మించితే గుండెకు మంచిది కాదన్న అనుమానం ఉంది. అమెరికాలో దాన్ని వంటనూనెగా అనుమతించరు. కల్తీ భయమూ ఉంది. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి అనే కలుపు మొక్క గింజల విష నూనె కలిసిన ఆవనూనె తిని ఎంతోమంది చనిపోయారు. దయచేసి విడి నూనె కొనకండి.

షుగర్, కొలెస్ట్రాల్ ఉన్న ఇంట్లో రోజువారీ కూరలకు ఆవనూనె మేలు. ఘాటు అసలు పడకపోతే వేరుశనగ నూనె వాడండి. సంక్రాంతికి మూకుడు నిండా అరిసెలు, జంతికలు వేయించేటప్పుడు పామాయిల్ సెగకు బాగా నిలుస్తుంది. మిగిలినది మాత్రం మళ్లీ మళ్లీ కాచొద్దు. ఏది పోసినా చెంచాతో కొలిచే పోయండి, రెండింటికీ గ్రాముకు 9 కేలరీలే.